మందార, గులాబీ పూలపొడి టీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పూల టీల రుచి గురించి, ముఖ్యంగా మందార, గులాబీ కలిపి పొడి చేసి అమ్మే టీ గురించి అడుగుతూ ఈ మధ్య చాలామంది పాఠకులు రాశారు. దాదాపు ఒకే సంగతిని వేర్వేరు మాటల్లో అడిగిన ఉత్తరాలను ఒకే ప్రశ్నగా కుదించి, వాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: కానుకగా వచ్చిన ఒక డబ్బాలో మందార, గులాబీ పొడి ఉంది. మూత తీయగానే గులాబీ వాసన గుప్పుమంది. మరిగే నీళ్ళలో ఒక చెంచాడు పొడి కలిపి తాగితే మాత్రం పులుపు తప్ప మరేమీ తెలియలేదు. పైగా చివరి గుక్కలో ఇసుకలాంటి మడ్డి నోటికి తగిలింది. లోపం పొడిలో ఉందా, నా చేతిలో ఉందా?

జవాబు: కొంత పొడిలో ఉండవచ్చు, కొంత మీరు పోసిన నీళ్ళ వేడిలో ఉంది, అన్నిటికంటే ఎక్కువగా ఆ రెండు పూల స్వభావంలో ఉంది. మందార తన సంగతంతా నాలుకతో చెప్పుకుంటుంది. గులాబీకి నాలుకతో పెద్దగా పని లేదు, దానికి కావలసింది ముక్కు. రెండింటినీ ఒకే కప్పులో వేసినప్పుడు నాలుకను పట్టుకున్నదే ముందు గెలుస్తుంది. మందారలో నిమ్మకు పులుపునిచ్చే సిట్రిక్ ఆమ్లం, ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లం, ఇవి కాక ఆ జాతి పేరుతోనే పిలిచే హైబిస్కస్ ఆమ్లం ఉంటాయి. అందువల్ల దాని కషాయం పీహెచ్, అంటే అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగే కొలత, సాధారణంగా 2.5కూ 3కూ మధ్య ఉంటుంది. గులాబీ రేకులో నాలుకకు తగిలేదల్లా కొద్దిపాటి వగరు, రేకు మొదట్లో ఉండే తెల్లని భాగం నుంచి వచ్చే చిరుచేదు. మనం గులాబీ రుచి అనుకునేదంతా నిజానికి వాసనే.

ఆ వాసనైనా పువ్వులో ధారాళంగా ఉండేది కాదు. ఒక కిలో గులాబీ తైలం తీయాలంటే సుమారు 3,000 నుంచి 5,000 కిలోల పూలు కావాలని లెక్క. రేకులు ఎండేటప్పుడు కొంత, మరలో నలిగేటప్పుడు పుట్టే వేడికి మరికొంత పోగా, పొడిలో మిగిలిన ఆ కాస్త పరిమళం మీద మీరు మరిగే నీళ్ళు పోశారు. జెరానియోల్, సిట్రొనెల్లోల్ వంటి వాసన పదార్థాలు ఆవిరితో కలిసి లేచిపోతాయి కనుక మీ వంటగది కాసేపు పరిమళించి ఉంటుంది, కప్పులో మాత్రం పెద్దగా మిగిలి ఉండదు. నీటిలో బాగా కరిగి నిలిచేది ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అనే పదార్థం. పన్నీటికి ఆ మెత్తని వాసన వచ్చేది చాలావరకు దానివల్లనే. కాబట్టి మంచి పొడితో కలిపిన కప్పులో ఆశించవలసింది అప్పుడే విచ్చిన పువ్వు వాసన కాదు, పన్నీటి వాసన. అది నెమ్మదైనది, వెతికితే గానీ దొరకదు.

ఈసారి ఇలా చేసి చూడండి. ఒక చిన్న చెంచాతో తల కొట్టి తీసిన పొడిని, అంటే సుమారు 2 గ్రాములను, కప్పులో వేసి రెండు చెంచాల గోరువెచ్చని నీటితో ఉండలు లేకుండా మెదపండి. నీళ్ళు మరిగాక పొయ్యి కట్టేసి, మూడు నాలుగు నిమిషాలు ఆగి, సుమారు 80 డిగ్రీలకు దిగిన తరువాత 200 మిల్లీలీటర్లు పోసి కలిపి, వెంటనే సాసర్ బోర్లించండి. మూడు నిమిషాల తరువాత సాసర్ ఎత్తి, టీని పక్కన ఉంచి, ముందుగా సాసర్ అడుగున పట్టిన నీటిబొట్లను వాసన చూడండి. పులుపుతో పోటీ లేని గులాబీ అక్కడ దొరుకుతుంది. ఆ తరువాత ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తీసుకోండి. పులుపు, వగరు మాత్రమే తెలుస్తాయి. మింగీ మింగగానే ముక్కు వదిలి, నోరు మూసుకునే ఊపిరి బయటికి విడవండి. గొంతు వెనుక నుంచి ముక్కులోకి ఒక పూలగాలి పైకి వస్తుంది. అది వస్తే మీ పొడిలో గులాబీ ఉన్నట్టే. సాసర్ కిందా లేక, ముక్కు వదిలాకా రాకపోతే, డబ్బా తెరిచినప్పుడు గుప్పుమన్నది బహుశా పైనుంచి చిలకరించిన సువాసన ద్రవ్యం కావచ్చు. పదార్థాల జాబితాలో ఫ్లేవర్ అన్న మాట ఉందేమో చూడండి. రేకు నుంచి వచ్చే వాసన మూత తీయగానే మీద పడదు, వేళ్ళ మధ్య నలిపి వేడి తగిలించినప్పుడు ఎండుగడ్డి, తేనె వాసనలతో కలిసి మెల్లగా వస్తుంది.

ఇక మడ్డి సంగతి. పూలపొడి పేరుతో అమ్మేవి రెండు రకాలు. ఒకటి రేకులనే మెత్తగా నూరినది. పూల పీచు నీటిలో కరగదు, నాని ఉబ్బి అడుగుకు చేరుతుంది. రెండోది ముందుగా కషాయం కాచి, దాన్ని మాల్టోడెక్స్‌ట్రిన్ వంటి పిండి పదార్థంతో కలిపి వేడిగాలిలో తుంపరగా చల్లి ఆరబెట్టినది. అది చక్కెరలా పూర్తిగా కరిగిపోతుంది. మీది మొదటి రకం. ఆ రకంలో మంచిచెడులు తేలేది మెత్తదనం దగ్గరే. చిటికెడు పొడిని తెల్ల కాగితం మీద వేసి బొటనవేలితో ఒక్కసారి రుద్ది చూడండి. వస్త్రగాళితం పట్టినంత మెత్తనిదైతే కాగితం మీద రంగు చారగా సాగుతుంది. ముతకదైతే చార మధ్యలో చిన్నచిన్న నలుసులు వేలికి తగులుతాయి, వాటిలో లేత గోధుమరంగువి ఎక్కువగా ఉంటే తొడిమలూ కాడలూ కలిపి నూరారేమోనని అనుమానించవచ్చు. నా మటుకు నేను కరిగిపోయే పొడి కంటే నూరిన పొడినే ఇష్టపడతాను. కరిగే రకంలో శుభ్రత ఉంటుంది గానీ మాల్టోడెక్స్‌ట్రిన్ తెచ్చే ఒక చప్పని నునుపు చివరిదాకా నోటిని వదలదు. నూరిన పొడిని కలిపి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, చివరి రెండు గుక్కలు కప్పులోనే వదిలేయడం నా పద్ధతి. అది నచ్చనివారు పలుచని గుడ్డతో వడకట్టుకోవచ్చు.

ప్రశ్న: ఈ టీలో వాడే మందారా, పెరట్లో పూసే మందారా ఒకటేనా? పెరటి పూలు ఎండబెట్టి పొడి చేసుకుంటే అదే రుచి వస్తుందా?

జవాబు: ఒకటి కాదు, ఆ రుచి రాదు. టీకి వాడేది హైబిస్కస్ సబ్డరిఫా, అంటే మనం ఎర్ర గోంగూర అని పిలిచే మొక్క. అందులోనూ వాడేది పూరేకులను కాదు. ముదురు ఎరుపు నడిమి ఉన్న లేతపసుపు పువ్వు రాలిపోయాక, దాని కింది రక్షక పత్రాలు గింజల కాయ చుట్టూ కండపట్టి ఎర్రగా, పుల్లగా తయారవుతాయి. వాటినే కోసి, కాయ తీసేసి, ఎండబెడతారు. మందార టీ అన్న మాటలో పువ్వు ఉంది గానీ కప్పులో పువ్వు లేదన్నమాట. పెరటి మందార హైబిస్కస్ రోజా సైనెన్సిస్. దాని రేకులు నీటికి రంగునూ కొంత జిగురునూ ఇస్తాయి, పులుపు మాత్రం నామమాత్రమే. ఈ రెండు పేర్లూ 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టినవే. రెండో పేరుకు అర్థం చైనా గులాబీ కనుక, పెరటి మందారతో టీ చేసినవారు ఒక్క పువ్వుతోనే మందార గులాబీ టీ చేశామని చెప్పుకోవచ్చు.

కొన్న పొడిలో ఏది ఉందో నాలుకే చెబుతుంది. పొడిని నోట్లో వేసుకోగానే పళ్ళు పులిసినట్టయితే అది రక్షక పత్రాల పొడి. పులుపు లేకుండా నాలుక మీద జారుడుగా అనిపిస్తే రేకుల పొడి. ఒక జాగ్రత్త చెప్పాలి: నూరిన పొడి విషయంలో మనం కషాయాన్ని మాత్రమే కాక పువ్వు మొత్తాన్నీ మింగుతున్నాం. అందుచేత అలంకరణ కోసం పెంచిన, ఏ మందులు చల్లారో తెలియని గులాబీలను ఇంట్లో పొడి చేసుకోవద్దు.

ప్రశ్న: మూడు కంపెనీల పొడులు తెచ్చాం. ఏది బాగుందన్న దగ్గర నాకూ మావారికీ ఎప్పుడూ కుదరదు, ఆయనే మరునాడు మాట మారుస్తారు. రుచి చూసే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. మీవారు మాట మార్చారని ఆయనను తప్పు పట్టకండి, నేనూ ఒకసారి అలాగే మార్చాను. ఒక ఉదయం వరుసగా నాలుగు పొడులు చూసి, నాలుగోది భరించలేనంత వగరని రాసి పెట్టుకున్నాను. మరునాడు వరుస తిరగేసి చూస్తే నాలుగోది నెమ్మదిగా ఉంది, మొదటిది మోటుగా మారింది. కారణం తరువాత తెలిసింది. వగరు ఒక రుచి కాదు. మొక్కల్లో ఉండే టానిన్లు అనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి ముద్ద చేయడం వల్ల నోరు బిరుసెక్కినట్టు కలిగే స్పర్శ అది, గుక్క గుక్కకూ పేరుకుంటూ పోతుంది. ప్రతి కప్పు తరువాత మంచినీళ్ళతో పుక్కిలించి, రెండు మూడు నిమిషాలైనా ఆగకపోతే, చివరి కప్పు ముందువాటి పాపాన్ని కూడా మోస్తుంది.

ఆకు టీని రుచి పరీక్షకు కాచే విధానానికి 1980లో వెలువడి 2019లో సవరించిన ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాల నానపు. ఆ కొలత ఈ పొడికి పనికిరాదు, పులుపుతో నోరు మొద్దుబారుతుంది. అందులో నుంచి మీరు తీసుకోవలసింది పట్టుదల ఒక్కటే: మూడు కప్పులకూ ఒకే బరువు, ఒకే నీరు, ఒకే వేడి, ఒకే సమయం. చెంచా కొలత నమ్మకండి, మెత్తని పొడికీ ముతక పొడికీ చెంచా బరువు తేడాగా ఉంటుంది. చిన్న త్రాసు వాడండి.

తరువాతిది కళ్ళకు గంతలు కట్టడం, లేదా అంత పనీ చేసే ఉపాయం. 2001లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసనలేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వారు దాని వాసనను ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. చదువుకున్న ముక్కులే అలా మోసపోయినప్పుడు, గులాబీరంగు డబ్బా చూసి గులాబీ వాసన వచ్చిందని మనకు అనిపించడంలో వింతేముంది? ముదురు రంగు కప్పులు తీసుకోండి. కప్పు అడుగున అంకె వేసి, ఏ అంకె ఏ పొడిదో ఇంట్లో మూడో మనిషికి మాత్రమే తెలిసేలా చేయండి. ఇద్దరూ ముందు కాగితం మీద రాయండి, ఆ తరువాతే మాట్లాడుకోండి. ఒకరు పైకి అన్న మాట రెండోవారి నాలుక మీదికి ఎక్కుతుంది.

గుక్క తీసుకునేటప్పుడు మర్యాద పక్కన పెట్టి, గాలితో కలిపి చప్పుడయ్యేలా జుర్రుకోండి. టీ పరీక్షకులు చేసేది అదే. ద్రవం తుంపరై నోరంతా పరుచుకుని వాసన వెనుక దారిన ముక్కుకు చేరుతుంది. నాలుక కొసన తీపి, పక్కల పులుపు అంటూ పాఠ్యపుస్తకాల్లో కనిపించిన పటాన్ని మరచిపోండి. 1901 నాటి ఒక జర్మన్ వ్యాసాన్ని తరువాతివారు సరిగా అర్థం చేసుకోకపోవడం వల్ల అది పుట్టింది, నాలుక మీద రుచి మొగ్గలున్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. ప్రతి కప్పునూ మూడు సార్లు చూడండి: వేడి తగ్గి తాగగలిగినప్పుడు, గోరువెచ్చగా అయినప్పుడు, పూర్తిగా చల్లారాక. వేడిలో దాగిన దోషాలు చల్లారాక బయటపడతాయి.

ఏమి రాయాలో తోచదని కూడా అడిగారు. బాగుంది, బాగాలేదు అన్న మాటలు వద్దు. నేను ఒక పొడి గురించి రాసుకున్నది ఇలా ఉంది: “పొడి వాసన ఎండుగడ్డి, కొంచెం తేనె. కప్పులో ముందు పులుపు, సూదిలా కాక పండులా. మింగాక పన్నీరు, పది లెక్కపెట్టేంతసేపు. వగరు చిగుళ్ళ మీద నిలిచింది. చల్లారాక తడి కాగితం వాసన.” ఆ చివరి మాట వల్లనే ఆ పొడిని మళ్ళీ కొనలేదు.

అన్నీ అయ్యాక కూడా వాదన తెగకపోతే, రెండు కప్పుల్లో ఒక పొడి, మూడో కప్పులో వేరే పొడి పోయించి, తేడా కప్పు ఏదో చెప్పమని మీవారిని అడగండి. ఊరకే ఊహించినా మూడింట ఒక వంతు సార్లు సరిపోతుంది కాబట్టి ఒక్కసారి నెగ్గితే లెక్కలోకి రాదు, ఐదారుసార్లు చేయించండి. మీరూ కూర్చోండి మరి.

ప్రశ్న: మా పొడి నీటిలో వేయగానే కళ్ళు చెదిరే ఎరుపు వస్తుంది. కృత్రిమ రంగు కలిపారేమోనని భయంగా ఉంది. తెలుసుకోవడం ఎలా?

జవాబు: ఎరుపు చూసి భయపడనక్కరలేదు, ఎందుకంటే ఈ మొక్కకు సహజంగానే అంత రంగు ఉంది. ఆ రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు. వీటి గుణమేమిటంటే పులుపులో ఎర్రగా ఉండి, క్షారంలో రంగు మారతాయి. ఒక గాజు గ్లాసులో కొంచెం టీ పోసి, చిటికెడు వంటసోడా వేయండి. బుసబుస పొంగి, నురుగు తగ్గేసరికి ఎరుపు ఊదాగా, ఇంకా వేస్తే నీలి బూడిదరంగుగా మారిపోవాలి. ఎంత సోడా వేసినా ఎరుపు చెక్కుచెదరకపోతే వేరే రంగు కలిసిందని అనుమానించవచ్చు. ఇది ఇంటి పరీక్ష మాత్రమే, తీర్పు ప్రయోగశాలదే. నీటి క్షారగుణం ఎక్కువైన చోట మంచి పొడి కూడా కాస్త మసకబారినట్టు కనిపించడానికి కారణం ఇదే. రంగు కంటే తరచుగా కలిపేవి చక్కెర, విడి సిట్రిక్ ఆమ్లం. మొదటి క్షణంలోనే సూదిలా గుచ్చి అంతలోనే మాయమయ్యే పులుపు ఎదురైతే జాబితాలో ఆ పేరు వెతకండి.

ప్రశ్న: పాలు పోస్తే విరిగిపోయింది. పాలు చెడిపోయాయా?

జవాబు: పాలు మంచివే. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ పీహెచ్ 4.6 దగ్గర ముద్దకడుతుంది, మీ టీ దానికంటే చాలా పుల్లనిది. పాలు తప్పదనుకునేవారు మందార లేని గులాబీ పొడిని ఎంచుకోవాలి. గులాబీ తేలడానికే పాలు పోశారనుకుంటే, దానికి అంతకంటే తేలిక మార్గం ఉంది. పావు చెంచా చక్కెరో తేనో వేయండి. పులుపు మొన తగ్గి, గులాబీ ఉన్నట్టుండి ముందుకు వస్తుంది.

ప్రశ్న: రాత్రి పడుకునే ముందు తాగవచ్చా? రక్తపోటు తగ్గిస్తుందంటారు, నిజమేనా?

జవాబు: ఇందులో కెమీలియా సైనెన్సిస్ ఆకు, అంటే అసలైన తేయాకు, కలపనంతవరకు కెఫీన్ ఉండదు. నిద్రకు ఆ వైపు నుంచి అడ్డం లేదు. కొన్ని మిశ్రమాల్లో గ్రీన్ టీ పొడి కలుపుతారు కాబట్టి జాబితా చదవండి. రక్తపోటు మాటకు కొంత ఆధారం ఉంది. 2010లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో, రక్తపోటు కొద్దిగా ఎక్కువగా ఉన్న 65 మంది పెద్దల్లో కొందరికి రోజుకు మూడుసార్లు, సారికి 240 మిల్లీలీటర్ల చొప్పున ఆరు వారాలపాటు మందార టీ ఇచ్చి, మిగిలినవారికి అదే రుచిగల ఉత్తుత్తి పానీయం ఇచ్చారు. టీ తాగినవారిలో పై అంకె సగటున 7.2 పాయింట్లు, రెండో వర్గంలో 1.3 పాయింట్లు తగ్గింది. రోజుకు ఒక చెంచా పొడితో అదే జరుగుతుందని దీనినుంచి అర్థం చేసుకోకూడదు, మందు మానేయడానికి ఇది సాకు అంతకన్నా కాకూడదు. రక్తపోటు మందులు వాడేవారూ, గర్భిణులూ రోజూ తాగే ముందు వైద్యుణ్ణి అడగాలి.

పడుకునే ముందు అన్నారు కనుక పళ్ళ సంగతి కూడా చెప్పాలి. పంటి పైపొర పీహెచ్ 5.5కు దిగువన కరగడం మొదలవుతుంది. ఈ టీని గంటసేపు చప్పరిస్తూ కూర్చోవడం కంటే కాస్త త్వరగా తాగేసి, నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి పళ్ళు తోముకోవడం మేలు. మరీ వేడిగా కూడా వద్దు. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో బహుశా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఎలాగూ అంత వేడిలో గులాబీ దొరకదు.

ప్రశ్న: తెరిచిన నెలకే పొడి ఉండకట్టి, ఎరుపు ఇటుకరంగుకు తిరిగింది. వాడవచ్చా?

జవాబు: బూజు వాసన గానీ, మచ్చలు గానీ ఉంటే పారేయండి. అవి లేకపోతే హాని ఉండకపోవచ్చు, రుచి మాత్రం పోయింది. పొడి చేయడమంటే గాలికీ తేమకూ తగిలే వైశాల్యాన్ని ఎన్నో రెట్లు పెంచడం. రేకులుగా నెలల తరబడి నిలిచేది పొడిగా వారాల్లో వెలిసిపోతుంది. పొయ్యి పక్కన డబ్బా తెరిచి, ఆవిరి తగులుతుండగా చెంచా ముంచడమే సాధారణంగా ఉండలకు కారణం. పెద్ద డబ్బాలోని పొడిని వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, మిగతాదానికి గాలి చొరకుండా మూత బిగించి వెలుతురు తగలని చోట పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, లేకపోతే చల్లని పొడి మీద గాలిలోని తేమ చేరుతుంది. కలపడానికి గాజు, పింగాణీ, స్టీలు ఏదైనా సరే, అల్యూమినియం, ఇనుప గిన్నెలు మాత్రం ఈ పులుపుకు పనికిరావు.